మియాపూర్ స్టేషన్ దగ్గర పిల్లలకో గది ఇవ్వండి: పురపాలక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ పురపాలక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను బాచుపల్లిలో ఉండే రిటైర్డ్ టీచర్‌ని. మొన్న వేసవిలో మా అమ్మాయి దగ్గరికి జపాన్ వెళ్లి రెండు నెలలు ఉండి వచ్చాను. వాళ్లుండేది టోక్యోని ఆనుకుని ఉన్న చిబా ప్రాంతంలోని నాగరెయామాలో. చూడ్డానికి జనం పనిగట్టుకుని వెళ్లే ఊరేం కాదది. పొద్దున్నే టోక్యోకి రైలెక్కి రాత్రికి ఇల్లు చేరే ఉద్యోగుల ఊరు, మన బాచుపల్లి, నిజాంపేటల్లాగే.

మా మనవడికి నాలుగేళ్లు. వాణ్ని దింపడానికి రోజూ నేనూ వెళ్లేదాన్ని. 'నాగరెయామా ఓతకా నో మోరి' స్టేషన్ పక్కనే ఒక బిల్డింగ్‌లో పిల్లల కేంద్రం ఉంది. ఉదయం 7కే తెరుస్తారు. వాడు బూట్లు విప్పి అరలో పెడతాడు, టీచరమ్మ బ్యాగు అందుకుంటుంది, మా అమ్మాయి చెయ్యి ఊపి అటు నుంచి అటే స్టేషన్‌లోకి వెళ్లిపోతుంది. టోక్యోలోని అకిహబారాకి రైల్లో దాదాపు 25 నిమిషాలు. కాసేపటికి బస్సులొచ్చి పిల్లల్ని ఎవరి నర్సరీ బడికి వాళ్లని చేరుస్తాయి, సాయంత్రం మళ్లీ స్టేషన్‌కే తెచ్చి దింపుతాయి. ఒకరోజు మా అమ్మాయి వచ్చేసరికి ఏడు దాటింది. నేను గుమ్మంలో కంగారుగా నిలబడ్డాను. వాడు మాత్రం లోపల ఇంకో పాపతో చెక్కముక్కలు పేర్చుకుంటూ, అమ్మను చూసి కూడా 'ఇంకొంచెంసేపు' అన్నాడు. ఈ సదుపాయానికి రోజుకు 100 యెన్లు. మన లెక్కలో అరవై రూపాయల లోపే.

2005 ఆగస్టులో త్సుకుబా ఎక్స్‌ప్రెస్ రైలు వచ్చాక ఆ ఊరికి చిన్న కుటుంబాలు వచ్చి చేరాయి. లక్షన్నర ఉన్న జనాభా ఇప్పుడు రెండు లక్షలు దాటింది. స్టేషన్ దగ్గరి బడులు నిండిపోయాయి, దూరంగా ఉన్నవాటిలో సీట్లు మిగిలిపోయాయి. 2007లో మున్సిపాలిటీ ఈ బస్సులు పెట్టి ఆ సీట్లను స్టేషన్‌కి కలిపింది. నాకు బాగా నచ్చింది ఇదే. ఉన్న బడులనే వాడుకున్నారు. ఆ తర్వాత 'తల్లి కావాలనుకుంటే నాగరెయామా' అని టోక్యో స్టేషన్లలో పోస్టర్లు వేశారు. చెప్పుకోవడానికి చేసి చూపించిన పని ఉంది కాబట్టి వేయగలిగారు. జనం పెరిగి కొత్త స్కూళ్లు కట్టాల్సి వచ్చిన మాటా నిజమే, అక్కడా అన్నీ సాఫీగా లేవు.

ఇక మా ఇంటి సంగతి. మా కోడలు రాయదుర్గంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేది. పాప చదివే ప్లేస్కూల్ సాయంత్రం ఐదుకి మూసేస్తారు. ఐదున్నరకి ఆఫీసులో మీటింగ్. నా మోకాళ్లు బాగున్నంతకాలం నేనే వెళ్లి తెచ్చాను. ఆపరేషన్ అయ్యాక కుదరలేదు. పోయిన ఏడాది ఆ పిల్ల రాజీనామా చేసింది. ఆ రాత్రి ఆఫీసు ఐడీ కార్డు తాడు చేతికి చుట్టుకుని వంటింట్లో చాలాసేపు నిలబడింది. తొమ్మిదేళ్ల సర్వీసు అయ్యా! మా అపార్ట్‌మెంట్‌లోనే ఇలా ఉద్యోగం మానేసినవాళ్లు ఇంకో ముగ్గురున్నారు.

మంత్రి గారూ, నేను అడిగేది పెద్ద ప్రాజెక్టు కాదు. మియాపూర్ మెట్రో స్టేషన్‌కి నడిచి వెళ్లేంత దూరంలో ఒక గది, రెండు మినీ బస్సులు, రాత్రి ఎనిమిది దాకా ఉండే ఇద్దరు ఆయమ్మలు, ఒక టీచరు. చుట్టుపక్కల అంగన్‌వాడీలు, ప్లేస్కూళ్లు ఎన్ని ఉన్నాయో, ఎక్కడ సీట్లు ఖాళీగా ఉన్నాయో ముందు లెక్క తీయించండి. ఆర్నెల్లు నడిపి చూడండి. కుదిరితే నాగోల్‌లో, ఎల్బీ నగర్‌లో పెట్టొచ్చు. బస్సులో కెమెరా, పిల్లల్ని ఎవరికి అప్పజెప్పాలో రాతపూర్వక పట్టీ తప్పనిసరి. అవి లేకుండా మొదలుపెట్టొద్దు.

గది దొరికిన రోజు నాకు కబురు చేయండి. ముప్పై రెండేళ్లు చిన్నపిల్లలకి పాఠాలు చెప్పాను. పొద్దున పూట జీతం లేకుండా వచ్చి కూర్చుంటాను.

ఇట్లు,
బాచుపల్లి నుంచి ఒక నానమ్మ