సంతకం ఎందుకు పెట్టలేదంటే: మా జెరాక్స్ దుకాణానికి వచ్చే అందరికీ

నమస్కారం. మా దగ్గర నోట్స్ జెరాక్స్ తీయించుకునేవాళ్లకు, రికార్డులు, ప్రాజెక్టులు, థీసిస్‌లు బైండింగ్ చేయించుకునేవాళ్లకు రాస్తున్న ఉత్తరం ఇది. రేట్ల సంగతి, ఖాతాల సంగతి, దుకాణంలో ఒకటో తారీఖు నుంచి వస్తున్న మార్పు సంగతి చెప్పాలి. దాంతోపాటు ఇంకో మాట కూడా.

పోయిన నెల కేయూ (కాకతీయ విశ్వవిద్యాలయం) క్రాస్ రోడ్డు దగ్గరి దుకాణాలవాళ్లం కొందరం కూర్చున్నాం. చదువుకు పెట్టే డబ్బులో మొదటి వాటా విశ్వవిద్యాలయాలకే ఇవ్వాలని ప్రభుత్వానికి వినతిపత్రం రాశారు. నేను దాని మీద సంతకం పెట్టలేదు. ఆ సంగతి తెలిశాక మీలో కొందరికి మనసు నొచ్చుకుంది. "అక్కా, మావల్లే నీ దుకాణం నడుస్తుంటే మాకే అడ్డం తిరిగావా?" అని ఒక తమ్ముడు ముఖం మీదే అడిగాడు. వెనకాల వరుసలో పదిమంది ఉండగా నిలబడి చెప్పే జవాబు కాదది. అందుకే రాస్తున్నాను.

ముందు రేట్లు. 2025 సెప్టెంబరు 22 నుంచి జెరాక్స్ కాగితం మీద జీఎస్టీ 12 శాతం నుంచి 18కి పెరిగింది. ఇన్నాళ్లూ పాత రేటుతోనే లాక్కొచ్చాను. టోనరు, డ్రమ్ము, కరెంటు బిల్లు, షట్టరు కిరాయి అన్నీ కలిపితే ఇక కుదరడం లేదు. ఒక పక్క జెరాక్స్ రూపాయి నుంచి రూపాయిన్నర అవుతుంది. రెండు పక్కలా అయితే రెండు రూపాయలు. వంద పేజీలు దాటితే పాత రేటే. హార్డ్ బైండింగ్ మీద 20 రూపాయలు పెరుగుతుంది. స్పైరల్ పెంచడం లేదు.

ఇక ఖాతాలు. ఒక ప్రైవేటు కాలేజీ రెండేళ్లుగా మాకు బాకీ ఉంది. రికార్డు బుక్కులు, ప్రశ్నపత్రాలు, అడ్మిషన్ ఫారాలు అన్నీ మా దగ్గరే వేయించారు. అడిగినప్పుడల్లా "రీయింబర్స్‌మెంటు రాలేదు, రాగానే ఇస్తాం" అంటారు. వాళ్లు చెప్పేది అబద్ధమని నేననను. కానీ కాగితం డీలరు నా కోసం ఆగడు కదా. పోయిన జూన్‌లో గాజులు కుదవపెట్టి సరుకు తెచ్చాను. అందుకని ఇకమీదట కాలేజీలకు ఖాతా లేదు, పైసలిచ్చాకే పని. విద్యార్థుల ఖాతా పుస్తకం మాత్రం అలాగే ఉంటుంది. ఫెలోషిప్ పడ్డాక ఇచ్చేవాళ్లు అప్పుడే ఇవ్వండి.

ఇది ఎందుకు చెప్పానంటే, పైచదువుకు ప్రభుత్వ డబ్బు ఆలస్యమైతే ఏమవుతుందో నాకు పేపర్లో చదివి తెలిసింది కాదు. బాకీ తీరితే తప్ప సర్టిఫికెట్లు ఇవ్వరని ఏడ్చుకుంటూ వచ్చిన ఆడపిల్లను ఇదే కౌంటరు ముందు కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాను. 2008 తర్వాత ఫీజు రీయింబర్స్‌మెంటు వల్లే ఇంటర్ దాటి బీటెక్కు, డిగ్రీకి వెళ్లిన పిల్లలు మా బంధువుల్లోనే ఆరుగురు ఉన్నారు. 1976లో ఇక్కడ కాకతీయ విశ్వవిద్యాలయం పెట్టకపోయి ఉంటే ఈ రోడ్డూ లేదు, నా దుకాణమూ లేదు. ఆ అన్నం నేను మరిచిపోలేదు.

అయినా సంతకం పెట్టలేదు. ఎందుకో చెప్తాను.

మా వాడకట్టు అంగన్‌వాడీ టీచరు నెలకు రెండు మూడుసార్లు దుకాణానికి వస్తుంది. ఒకరోజు పక్షుల బొమ్మలున్న కాగితం తెచ్చి కలర్ ప్రింట్ ఎంతని అడిగింది. ఇరవై అన్నాను. కాసేపు ఆలోచించి నలుపు తెలుపులో తీయమంది. "మరి చిలుకకు పచ్చరంగు ఎట్లా?" అన్నాను. "రాత్రి ఇంటికాడ స్కెచ్ పెన్నుతో నేనే వేస్తలే" అంది. లామినేషన్ డబ్బులు కూడా కొంగుముడిలోంచి తీసిచ్చింది. ఆమెకు నెలకు వచ్చే గౌరవ వేతనం 13,650 రూపాయలు. కేంద్రం నిర్ణయించిన మొత్తం 2018 నుంచి 4,500 దగ్గరే ఉంది, మిగతాది రాష్ట్రం కలుపుతోంది. చిలుక ముక్కును ఎరుపు చేసే స్కెచ్ పెన్ను కూడా అందులోంచే కొనుక్కోవాలి.

ఆ తర్వాత ఒక ఉదయం నేనే వాళ్ల కేంద్రానికి వెళ్లాను. కిరాయికి తీసుకున్న ఒక్క గది. ఒక మూల గ్యాస్ పొయ్యి, ఇంకో మూల పిల్లలకిచ్చే బాలామృతం పిండి ప్యాకెట్లు, మధ్యలో చాప మీద పిల్లలు. టీచరు చింతగింజలు పంచి లెక్క చెప్పిస్తోంది. "అయిదు తీసి నా చేతిలో పెట్టు" అంది. నాలుగేళ్ల పిల్లవాడు నాలుగు పెట్టి, అయిదోది గుప్పిట్లో దాచుకుని నవ్వాడు. "ఇంకెన్ని రావాలి?" అందామె. వాడు గుప్పిటి వైపు చూసుకున్నాడు. లెక్క వాడి బుర్రలో అప్పుడే తిరుగుతోంది.

సరిగ్గా అప్పుడే ఒక బాలింత సరుకు కోసం వచ్చింది. పోషణ్ ట్రాకర్ అనే ప్రభుత్వ ఫోను యాప్‌లో ఆమె ముఖం ఫొటో తీయాలి. గదిలో వెలుతురు చాలలేదు. టీచరు ఆమెను గుమ్మం దగ్గరికి తీసుకెళ్లింది. అక్కడా సరిపోలేదన్నది ఫోను. వీధిలోకి తీసుకెళ్లింది. వంట చూసే ఆయా పొయ్యి దగ్గర పప్పు కలుపుతోంది. అరగంట గడిచింది. పెద్ద పిల్లలు ఒకరినొకరు తోసుకోవడం మొదలుపెట్టారు. ఆ పిల్లవాడు మాత్రం గింజ గుప్పిట్లో పెట్టుకునే కూర్చున్నాడు, ఎవరైనా వచ్చి అడుగుతారని. ఎవరూ అడగలేదు. అన్నం వేళయింది.

ఆమె తప్పేమీ లేదు. తూకాలు, గుడ్లు, టీకాల లెక్క, గర్భిణుల ఇళ్లకు వెళ్లిరావడం, ఓటరు సర్వే అంటే ఓటరు సర్వే, అన్నీ ఒక్క మనిషి మీదే. 1975 అక్టోబరు 2న 33 బ్లాకుల్లో మొదలైన ఈ అంగన్‌వాడీల పథకం ఇప్పుడు దేశమంతా దాదాపు 14 లక్షల కేంద్రాలైంది. మన తెలంగాణలోనే 35,700. చోటు ఉంది, పిల్లలు ఉన్నారు, నేర్పాలన్న మనసున్న ఆడవాళ్లున్నారు. నేర్పడానికి సమయమే లేదు.

దీనికి మందు లేదా అంటే ఉంది. అది నాకు మీవల్లే తెలిసింది. మీరు బైండింగ్‌కు ఇచ్చే థీసిస్‌లు నేను ఊరికే కుట్టి ఇవ్వను, పేజీలు సరిచూస్తూ చదువుతాను. ఎడ్యుకేషన్ విభాగం చెల్లెలు ఒకామె ఇచ్చిన థీసిస్‌లో తమిళనాడు సంగతి ఉంది. అక్కడ నాలుగు జిల్లాల్లో 640 అంగన్‌వాడీలు తీసుకుని, సగం కేంద్రాల్లో పిల్లలకు చదువు చెప్పడానికని పూట పనికి ఇంకొకరిని పెట్టారు. అంతే, వేరే ఏమీ చేయలేదు. చదువు చెప్పే సమయం రెట్టింపైంది. ఏడాదిన్నరలో ఆ పిల్లలు లెక్కల్లో, భాషలో మిగతా కేంద్రాల పిల్లలను దాటిపోయారు. పాత టీచరుకు కాస్త ఊపిరాడి తిండి, బరువు చూసుకునే వీలు చిక్కడంతో తీవ్రమైన పోషకాహార లోపం కూడా తగ్గింది. పెట్టిన ఖర్చు ఎన్నో రెట్లు తిరిగొస్తుందని ఆ పరిశోధకులు లెక్క కట్టారు. మొత్తం కలిపి ఒక్క మనిషి, అదీ ఒక్క పూట. ఆ పేజీ దగ్గర ఆగి మళ్లీ చదివాను.

నా సొంత సంగతి ఒకటి చెప్పకుండా ఇది పూర్తి కాదు. మా అమ్మ బీడీలు చుట్టేది. నన్ను మా అక్క ఎత్తుకుని తిరిగేది. అక్కకు అప్పుడు ఎనిమిదేళ్లు. నన్ను చంకనేసుకునే బడికి వెళ్లేది. నేను ఏడిస్తే సారు బయటికి పొమ్మనేవాడు. అలా బయట వేపచెట్టు కింద కూర్చుని కూర్చుని, ఒకరోజు ఇంక వెళ్లడమే మానేసింది. నేను ఇంటర్ దాకా చదివాను. అక్క ఇప్పటికీ బస్సు బోర్డు చదవలేక పక్కవాళ్లను అడుగుతుంది. మా ఊళ్లో అప్పుడు చిన్నపిల్లల్ని నాలుగు గంటలు చూసుకునే చోటు ఒకటుంటే నేనేం నేర్చుకునేదాన్నో తెలియదు, మా అక్క మాత్రం బడి మానేది కాదు.

మీరు విశ్వవిద్యాలయం దాకా వచ్చారు, నా దుకాణానికి వచ్చారు. అక్కలాంటివాళ్లు ఎప్పుడూ రారు. వినతిపత్రం మీద సంతకానికి పెన్ను చేతికిచ్చినప్పుడు నాకు వాళ్లే గుర్తొచ్చారు. వాళ్ల తరఫున ఆ గదిలో ఒక్కరూ లేరు.

వచ్చినవాళ్లలోనూ ఎంత కష్టపడి వచ్చారో చూస్తూనే ఉన్నాను. డిగ్రీ ఆఖరి ఏడాది పిల్లలు టీసీ కోసం తెలుగులో దరఖాస్తు రాసివ్వమని నన్నడుగుతారు. తెలివి తక్కువై కాదు, మొదట్లో పడాల్సిన పునాది పడలేదు. పిల్లల చదువు ఎంత వచ్చిందో ఇంటింటికీ వెళ్లి చూసే ఏసర్ సర్వే 2024 నివేదికలో, దేశంలోని పల్లెల ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 23.4 శాతమే. మిగతావాళ్లు ఆ లోటు మోసుకుంటూ పైకి నడవాలి, లేదంటే మధ్యలో దిగిపోవాలి. మెదడు ఎదుగుదల 85 శాతానికి పైగా ఆరేళ్లలోపే జరుగుతుందని 2020 జాతీయ విద్యా విధానంలోనే రాసుకున్నారు. విద్యాహక్కు చట్టం మాత్రం ఆరో ఏట నుంచి మొదలవుతుంది. మూడు నుంచి ఆరేళ్ల పిల్లల దగ్గరికి వచ్చేసరికి ప్రభుత్వం ఏర్పాట్లు "చేయవచ్చు" అంటుంది, "చేయాలి" అనదు. ఆ ఒక్క మాట మార్చమని వినతిపత్రం రాస్తే అందరికంటే ముందు నేను సంతకం పెడతాను.

ఒక పరిశోధక తమ్ముడు గట్టిగానే వాదించాడు. ఆ తమిళనాడు లెక్క తేల్చింది కూడా విశ్వవిద్యాలయాల్లో చదివినవాళ్లే కదా, అక్కడి అధ్యాపకుల ఖాళీలు నింపకపోతే రేపు అంగన్‌వాడీ టీచర్లకు శిక్షణ ఇచ్చేదెవరు అన్నాడు. నిజమే. పేదింటి పిల్లకు ఫీజు, ఫెలోషిప్ ఆపి అంగన్‌వాడీల్లో పెట్టమని నేను చచ్చినా అనను. ఇస్తామన్నది ఇవ్వాల్సిందే, అదీ వేళకు. నేను మాట్లాడేది కొత్తగా పెట్టే రూపాయి గురించి. కొత్త బ్లాకు, కొత్త గేటు, కొత్త ఆడిటోరియమా, లేక చింతగింజ పట్టుకుని ఎదురుచూసే పిల్లవాడి దగ్గర ఇంకో టీచరా అంటే, నా లెక్కలో టీచరే ముందు. దానివల్ల నా గిరాకీ కొంత తగ్గినా సరే. ఇది ఆలోచించుకునే అంటున్నాను.

అందుకే ఈ మార్పు. ఎడమ పక్క గాజు బీరువాలో ఇన్నాళ్లూ గైడ్లు, పాత ప్రశ్నపత్రాల సెట్లు ఉండేవి. వాటిని లోపలికి జరిపాను. అక్కడ పలకలు, బలపాలు, క్రేయాన్లు, పూసలు, చెక్క దిమ్మలు, బొమ్మల చార్టులు పెడుతున్నాను. పెన్సిళ్లు, క్రేయాన్ల మీద జీఎస్టీ ఎత్తేశారు కాబట్టి ఆ తగ్గింపు మొత్తం మీకే ఇస్తాను. అంగన్‌వాడీ టీచర్లకు ఇవన్నీ కొన్న ధరకే. వాళ్ల బొమ్మల కాగితాలకు కలర్ ప్రింట్ అయిదు రూపాయలు, లామినేషన్ ఉచితం. నెలకు ఎంత నష్టం వస్తుందో లెక్క వేసుకున్నాను, భరించగలను. మీలో బొమ్మలు వేయడం వచ్చినవాళ్లు ఉంటే చెప్పండి. మన ఊరి కూరగాయలు, మన చెట్లు, మన పండుగలతో చార్టులు చేయాలని ఉంది. బజార్లో దొరికేవాటిలో యాపిల్, ఇగ్లూలే కనిపిస్తున్నాయి గానీ సీతాఫలం లేదు, బతుకమ్మ లేదు.

థీసిస్ పనులు ఎప్పటిలాగే జరుగుతాయి. దుకాణం పొద్దున ఎనిమిదిన్నర నుంచి రాత్రి తొమ్మిది దాకా. బుధవారం మాత్రం పదకొండుకు తీస్తాను, ఆ పొద్దు అంగన్‌వాడీలో గింజలు లెక్కపెట్టించడానికి వెళ్తున్నాను. ఈ శుక్రవారం సబ్మిషన్ ఉన్నవాళ్లు బుధవారం సాయంత్రంలోపు ఫైలు పంపండి. గోల్డ్ అక్షరాలు ఆరడానికి ఒక రోజు పడుతుంది.