గవర్నర్ల జాబితాల్లో కనిపించని లెక్క

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలో 2028 అధ్యక్ష ఎన్నికలకు పోటీపడగల గవర్నర్లు వీరేనంటూ మన పత్రికల్లో అప్పుడే జాబితాలు మొదలయ్యాయి. న్యూసమ్, షపీరో, విట్మర్... ఎవరి రాష్ట్రం పెద్దది, అక్కడ ఎవరికెంత మెజారిటీ వచ్చింది అన్నదే కొలమానం. అక్కడి గవర్నర్లు మన ముఖ్యమంత్రుల్లా ప్రజల ఓట్లతో వచ్చినవారే కాబట్టి ఈ లెక్క సబబుగానే తోస్తుంది. కానీ ఫ్లోరిడా గవర్నరుగా 2022లో దాదాపు 19 శాతం ఓట్ల తేడాతో గెలిచిన డిశాంటిస్, రిపబ్లికన్ పార్టీ అభ్యర్థి ఎంపికలో ముందుగా ఓటేసే అయోవాలో రెండో స్థానంతో సరిపెట్టుకుని, ఆ తర్వాతి న్యూహాంప్‌షైర్ పోలింగ్ దాకా కూడా ఆగకుండా 2024 జనవరి 21న తప్పుకున్నారు. దక్షిణ కరోలినాకు గవర్నరుగా చేసిన నిక్కీ హేలీ ఆ రాష్ట్ర ప్రైమరీలోనే, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఓటింగ్‌లోనే, ఓడిపోయారు.

1976 సంగతి చూడండి. జార్జియా మాజీ గవర్నరు కార్టర్ బరిలో దిగితే ‘జిమ్మీనా, ఎవరాయన?’ అన్నారు. ఆయన అయోవా ఊళ్లు తిరిగారు, మద్దతుదారుల ఇళ్లలోనే బస చేశారు. తీరా అక్కడ ఎక్కువ ఓట్లు, సుమారు 37 శాతం, ఏ అభ్యర్థినీ ఎంచుకోనివారివే. కార్టర్‌కు 28 శాతం కూడా రాలేదు. అయినా పత్రికలు ఆయననే విజేతను చేశాయి! అసలు తలుపు తెరిచింది మాత్రం అధ్యక్షుడు నిక్సన్‌ను గద్దె దింపిన వాటర్‌గేట్ కుంభకోణం. ఆయన రాజీనామా తర్వాత జనానికి వాషింగ్టన్ పొడ గిట్టలేదు, అక్కడ ఏ పదవీ చేయకపోవడమే కార్టర్‌కు అర్హత అయింది. రీగన్, క్లింటన్, చిన్న బుష్ కూడా గవర్నర్లుగా పనిచేసి, బయటివాళ్లమని చెప్పుకుని గెలిచినవారే. క్లింటన్ రాష్ట్రం ఆర్కన్సా ఏపాటిదని?

2016లో ఆ బయటివాడి స్థానాన్ని ఏ పదవీ చేయని ట్రంప్ లాగేసుకున్నారు. ఆయన ముందు జెబ్ బుష్, క్రిస్టీ, వాకర్ వంటి, గవర్నర్లుగా చేసిన అనుభవజ్ఞులు పాత కాపుల్లా కనిపించారు. మరో గవర్నరు కేసిక్ నెగ్గింది సొంత రాష్ట్రం ఒహాయో ఒక్కటే.

సొంత రాష్ట్రంలో ఎదురులేనివారు జాతీయ వేదికపై తడబడటమూ కొత్త కాదు. టెక్సాస్‌ను పదేళ్లకు పైగా ఏలిన రిక్ పెర్రీ, 2011లో అభ్యర్థుల చర్చలో మూడు కేంద్ర ప్రభుత్వ శాఖలు రద్దు చేస్తానని చెప్పి, మూడోదాని పేరు గుర్తురాక ‘ఊప్స్’ అన్నారు. ఆ మరిచిపోయిన ఇంధన శాఖకే 2017లో మంత్రి అయ్యారు, అది వేరే ముచ్చట.

కాబట్టి జాబితాలు వేసే మీ విలేకరులకు ఒక విన్నపం. మెజారిటీలతో పాటు, ఆ గవర్నరును సొంత రాష్ట్రం దాటితే ఎవరు గుర్తుపడతారో, వాషింగ్టన్ మీద జనం కోపం ఈసారి ఎవరికి కలిసొచ్చేలా ఉందో కూడా రాయమనండి.

ఒక పాఠకుడు, గుంటూరు