ఈ ఏడాది మన కాలనీ సంఘం రిపోర్టు: కత్తెరా, గమ్మూ, 46 ముక్కలూ

సభ్యులందరికీ నమస్కారం. బోరు మోటారు రిపేరు, వినాయక చవితి పందిరి లెక్కలన్నీ నోటీసు బోర్డుకి పెట్టేశాం, చూసుకోండి. నేను చెప్పాలనుకున్నది ఎండాకాలం సెలవుల్లో బైపీసీ, డిగ్రీ పిల్లలకి కమ్యూనిటీ హాల్లో పెట్టిన క్రోమోజోముల (కణంలో జీన్స్ ఉండే దారాల్లాంటివి) క్లాసుల గురించి.

మన వీధిలోనే ఉండే రిటైరైన జెనెటిక్స్ మేడంగారు ఫీజు లేకుండా చెప్పారు. ల్యాబ్ లేదు కదా, రక్తం తీసి మూడ్రోజులు కల్చర్ చేయడం, కాల్చిసిన్ అనే మందు వేసి కణాన్ని విభజన మధ్యలో ఆపేయడం, గీమ్సా రంగుతో అడ్డచారలు రప్పించడం ఇవన్నీ బోర్డు మీదే అయిపోయాయి. అసలు పని కత్తెర్లతో. ఒక కణంలోని క్రోమోజోముల ఫొటో జిరాక్సులిచ్చి 46 ముక్కలూ కత్తిరించి, దాదాపు పెద్దదాన్నుంచి చిన్నదాకా నంబర్లేసి జతలుగా అతికించమన్నారు (ఇలా పేర్చినదాన్నే కారియోటైప్ అంటారు). 1, 2, 3 ఇట్టే దొరికాయి గానీ 6 నుంచి 12 దాకా అన్నీ ఒకేలా ఉంటాయి, పైగా ఆడా మగా తేల్చే ఎక్స్, వైలలో ఎక్స్ కూడా ఆ గుంపులోనే దూరి కూర్చుంటుంది, అక్కడ పిల్లలు కొట్టుకున్నంత పని చేశారు. ఫ్యానేస్తే ముక్కలెగిరిపోతాయని ఆ ఎండలో ఆపేసుకుని కూర్చున్నారు పాపం.

ఒకమ్మాయికి 45 వచ్చాయి, టర్నర్ సిండ్రోమ్ (ఆడపిల్లల్లో రెండో ఎక్స్ లేకపోవడం) అని రాసేసింది, తీరా చూస్తే వై ముక్క బల్ల కింద పడుంది! మేడంగారు నవ్వలేదు. 1956లో టియో, లెవాన్ 46 అని తేల్చేదాకా సైంటిస్టులే 48 అనుకున్నారమ్మా, అందుకే ల్యాబ్‌లో ఒక్క కణం చూసి చెప్పరు, మామూలుగా 20 లెక్కపెడతారు అన్నారు.

ఆఖరి రోజు తల్లిదండ్రుల్నీ పిలిచాం. డౌన్ సిండ్రోమ్ (21వ క్రోమోజోము ఒకటి ఎక్కువై పిల్లల ఎదుగుదల నెమ్మదించడం) మేనరికం వల్లే కదా అని ఎవరో అడగ్గానే హాలంతా అవునన్నట్టు తలూపింది (నేను కూడా, దాచేదేముంది). కాదట, మేడంగారే చెప్పారు. ఎక్కువమందిలో అండం తయారయ్యేటప్పుడు 21వ జత విడిపోక మూడోది వచ్చేస్తుంది, తల్లి వయసుతో అది పెరుగుతుంది తప్ప ఆవిడ చేసిన తప్పేం లేదు. కొద్దిమందిలో మాత్రం 21 వెళ్ళి 14కి అతుక్కుంటుంది, అలా అతుక్కున్న తల్లో తండ్రో, రెండూ ఒకటిగా లెక్కకొచ్చి, 45తోనే నిక్షేపంగా ఉంటారు, అప్పుడు వాళ్ళకీ టెస్టు కావాలి. మేనరికంలో రిస్కు పెరిగేది తలసీమియా (రక్తం సరిగా తయారవని జబ్బు) లాంటివాటికి, అవి జీన్‌లో చిన్న మార్పులు, ఈ ఫొటోల్లో కనపడనే కనపడవు. కారియోటైప్ నార్మల్ వచ్చింది కాబట్టి మేనరికం చేసేసుకోవచ్చు అనుకోకండి అని రెండుసార్లు చెప్పారు.

వచ్చే ఏడాదికి ఆయిల్ ఇమ్మర్షన్ లెన్సున్న (నూనె చుక్క వేసి బాగా పెద్దదిగా చూసేది) పాత మైక్రోస్కోపు ఎవరిదగ్గరైనా ఉంటే చెప్పండి. జిరాక్సుల బిల్లులు ట్రెజరర్‌గారి దగ్గరున్నాయి. బల్లల మీద గమ్ మరకలు ఇంకా పోలేదు, వాచ్‌మన్ రోజూ నన్నే తిడుతున్నాడు.