పార్టీ ఖర్చుకి హద్దు లేనప్పుడు అభ్యర్థి లెక్క ఎందుకండీ

ఎడిటర్ గారికి నమస్కారమండి.

ఏ కంపెనీ ఏ పార్టీకి ఎన్ని కోట్లు ఇచ్చిందో మీ పేపర్లో అప్పుడప్పుడు పెద్ద అక్షరాలతో వేస్తున్నారు, మంచిదే, వేయాలి కూడా. కానీ లోపలికొచ్చే డబ్బు గురించి రాసినంతగా అది బయటికి ఎలా పోతుందో ఎవరూ రాయట్లేదు, అందుకే ఈ ఉత్తరం. నేను విజయవాడలో టెంట్‌హౌస్ నడుపుతానండి. షామియానాలు, కుర్చీలు, స్టేజీ, కూలర్లు, పెళ్లికైనా దినానికైనా పార్టీ మీటింగుకైనా మా సామానే వెళ్లుద్ది, కాబట్టి ఎలక్షన్ ఖర్చు సంగతి మీ రిపోర్టర్ల కంటే నా బిల్లుబుక్కుకే కాస్త ఎక్కువ తెలుసు.

రూలు చూస్తే భలే గట్టిగా ఉంటది. 2022 జనవరిలో పెంచిన ప్రకారం మన రాష్ట్రంలో ఎమ్మెల్యే అభ్యర్థి 40 లక్షలు, ఎంపీ అభ్యర్థి 95 లక్షలు దాటకూడదు. రెండున్నర లక్షల ఓట్లున్న అసెంబ్లీ సీటు అనుకోండి, ఓటరుకి 16 రూపాయలు పడిద్ది. ఎంపీ సీటుకి పదిహేడు లక్షల ఓట్లు వేసుకుంటే తలకి ఐదున్నర, దాంతో బస్టాండు దగ్గర సింగిల్ టీ కూడా రాదు. నామినేషన్‌కి కనీసం ఒకరోజు ముందు బ్యాంకులో వేరే ఖాతా తెరవాలి, పదివేలు దాటిన ఏ పేమెంటైనా చెక్కో ఆన్‌లైనో చేయాలి, రోజువారీ ఖర్చు తెల్ల కాగితాల్లో, నగదు గులాబీ కాగితాల్లో, బ్యాంకు లెక్క పసుపు కాగితాల్లో రాయాలి. ప్రచారం నడిచేటప్పుడు కనీసం మూడుసార్లు ఆ రిజిస్టర్ పట్టుకెళ్లి చూపించాలి. ఇది కాక ఆఫీసర్లు వాళ్లంతట వాళ్లు ఇంకో లెక్క రాసుకుంటారు, షాడో రిజిస్టర్ అంటారు దాన్ని, అభ్యర్థి లెక్కకీ దానికీ తేడా వస్తే నోటీసే.

మా దగ్గరికొచ్చేది ఇక్కడేనండి. జిల్లా ఎన్నికల అధికారి ఒక రేట్ల పట్టిక ఇస్తారు, కుర్చీకి ఇంత, షామియానాకి ఇంత, టీకి ఇంత, భోజనానికి ఇంత, ఫ్లెక్సీ అడుగుకి ఇంత అని. మీటింగు మొదలవగానే కెమెరా పట్టుకొని వీడియో టీమ్ వస్తది, స్టేజీ మీద నుంచి మొదలుపెట్టి వరసలన్నీ తీస్తారు, తర్వాత ఆఫీసులో ఇంకో టీమ్ కూర్చొని ఆ వీడియోలో కుర్చీలు లెక్కపెట్టుద్ది. ఖాళీ కుర్చీకైనా రేటు రేటేగా. కాబట్టి కెమెరా ఇంకా ఆ పక్కన ఉండగానే అభ్యర్థి తాలూకు మనిషి పరిగెత్తుకొచ్చి 'వెనక నాలుగు వరసలు లేపేయండి బాబూ' అంటాడు, మా కుర్రాళ్లు గబగబా ఒకదాంట్లో ఒకటి దొంతర్లు పెట్టి లారీ చాటుకి మోస్తారు, కెమెరా వెళ్లిపోయాక జనం వస్తే మళ్లీ దించుతారు. రెండుసార్లు మోసినందుకు కూలీ మాత్రం ఒక్కసారిదే ఇస్తారండోయ్.

పెద్ద నాయకుడు వస్తే ఇంకో రకం. గుర్తింపు ఉన్న పార్టీ 40 మందిని స్టార్ క్యాంపెయినర్లుగా రాసివ్వొచ్చు, వాళ్ల విమానాలు, హెలికాప్టర్లు, కార్ల ఖర్చు అభ్యర్థి లెక్కలోకి రాదు. కాకపోతే స్టార్ క్యాంపెయినర్‌తో పాటు అభ్యర్థి కూడా స్టేజీ ఎక్కినా, అక్కడ అభ్యర్థి పేరో ఫొటోనో ఉన్నా ఆ సభ ఖర్చు అభ్యర్థుల ఖాతాలో పంచేస్తారు. ఇక చూస్కోండి, నా స్టేజీ కట్టేటప్పుడే ఫ్లెక్సీలో నాయకుడి మొహం ఒక్కటే ఉండాలి, నియోజకవర్గం పేరు కూడా వద్దంటారు, ఎవరికి ఓటేయమని ఆయన వచ్చాడో ఆ మనిషి మాత్రం స్టేజీ పక్కన మెట్ల కింద మా జనరేటర్ వైర్ల దగ్గర చెమటలు కక్కుతూ నిలబడి ఉంటాడు. బిల్లేమో పార్టీ పేరు మీద రాయమంటారు. నేను రాస్తాను, తప్పేముంది, చట్టం ఒప్పుకుంటది కదా, పార్టీకి లిమిట్ లేదు కదా.

అసలు కిటుకంతా అదేనండి. అభ్యర్థికి గీత గీశారు, పార్టీకి గీయలేదు. ఇది ఎవరో మర్చిపోతే జరిగింది కూడా కాదు. 1974 అక్టోబరులో సుప్రీంకోర్టు కన్వర్‌లాల్ గుప్తా కేసులో ఢిల్లీ సదర్ ఎంపీ ఎన్నికని కొట్టేసింది, అభ్యర్థికి తెలిసి, ఆయన ఒప్పుకోలుతో పార్టీ పెట్టిన ఖర్చు కూడా అభ్యర్థి ఖర్చే అని. తీర్పు వచ్చిన నెలలోనే ఆర్డినెన్స్ తెచ్చేశారు, పార్టీ పెట్టింది అభ్యర్థి లెక్కలోకి రాదు పొమ్మని, ఆ తర్వాత ప్రజాప్రాతినిధ్య చట్టం 77వ సెక్షన్‌లోనే కూర్చోబెట్టారు. మా దగ్గర గుడిసె కూల్చిన కేసు ఇరవై ఏళ్లు నడుస్తది, వాళ్ల కేసుకి మాత్రం నెల తిరక్కుండా చట్టమే మారింది. 2003లో దాన్ని కొంచెం బిగించారు, స్టార్ క్యాంపెయినర్ల ప్రయాణాలకి తప్ప మినహాయింపు లేదన్నారు, కానీ అభ్యర్థి పేరెత్తకుండా పార్టీ గుర్తు మీద చేసుకునే ప్రచారానికి ఎన్ని కోట్లయినా అడిగేవాడు లేడు.

రెండో కన్నం తేదీలో ఉంది. 77వ సెక్షన్ ప్రకారం లెక్క మొదలయ్యేది నామినేషన్ వేసిన రోజు నుంచి, ముగిసేది ఫలితం చెప్పిన రోజుకి. 2024లో మనకి నామినేషన్లు ఏప్రిల్ 18న మొదలయ్యాయి. మేదరమెట్లలో వైసీపీ సిద్ధం సభ మార్చి 10న అయింది, చిలకలూరిపేట దగ్గర బొప్పూడిలో మోదీ గారు, చంద్రబాబు గారు, పవన్ కళ్యాణ్ గారు కలిసి కూర్చున్న ప్రజాగళం సభ మార్చి 17న అయింది. అటు చూసినా ఇటు చూసినా కనుచూపు మేర జనం, మా జిల్లాల్లో ఎవరి దగ్గరా సామాను మిగల్లేదు, లారీలు బస్సులు సరే సరి. ఆ రెండు సభల్లో ఒక్క రూపాయి కూడా ఏ అభ్యర్థి తెల్ల కాగితం మీదకీ ఎక్కదు, ఎందుకంటే అప్పటికి చట్టం దృష్టిలో అభ్యర్థి అనేవాడే పుట్టలేదు. రెండు పక్షాల్నీ కలిపే చెప్తున్నాను, నాకు రెండు వైపులా గిరాకీ ఉంది, రెండు వైపులా బాకీలు కూడా ఉన్నాయి.

నిజం నోరు జారిన వాళ్లూ ఉన్నారు. సత్తెనపల్లి నుంచి గెలిచి స్పీకరైన కోడెల శివప్రసాదరావు గారు 2016లో ఒక టీవీ ఇంటర్వ్యూలో 2014 ఎన్నికకి 11 కోట్ల పైన అయిందన్నారు, అప్పట్లో లిమిట్ 28 లక్షలు. కేసు కూడా పడింది. అంతకు ముందు 2013లో మహారాష్ట్ర నాయకుడు గోపీనాథ్ ముండే 2009లో ఎంపీ ఎన్నికకి 8 కోట్లు అయిందని సభలో చెప్పేశారు, దానికి లిమిట్ 25 లక్షలు, ఎన్నికల సంఘం నోటీసిచ్చింది. వాళ్లని తప్పుపట్టాలని చెప్పట్లేదు, మిగతావాళ్లు చెప్పలేదు అంతే తేడా. పెద్ద సీట్లలో గెలిచినవాళ్లు ఇచ్చే లెక్కలు చూడండి, లిమిట్‌కి కింద బుద్ధిగా కూర్చొని ఉంటాయి.

శిక్ష సంగతి చెప్పాలంటే నవ్వొస్తది. 1920లో ఐపీసీలో పెట్టిన లెక్క ప్రకారం ఎన్నికల ఖాతా రాయకపోతే జరిమానా 500 రూపాయలు, అభ్యర్థి అనుమతి లేకుండా ఆయన కోసం ఎవరైనా ఖర్చుపెట్టినా అదే 500. 2024 జూలైలో ఐపీసీ బదులు కొత్త న్యాయ సంహిత వచ్చాక మొదటిది 5 వేలు, రెండోది 10 వేలు అయింది. నూట నాలుగేళ్లకి పెంచిన రేటు ఇది, నా కుర్చీ అద్దె కూడా ఇంత నిదానంగా పెరగలేదండి. లెక్కలు టైముకి ఇవ్వకపోతే మూడేళ్లు పోటీ చేయకుండా అనర్హత వేస్తారు, నిజమే, కానీ ఆ లిస్టులో ఎక్కువమంది చిన్నాచితకా ఇండిపెండెంట్లు, ఆడిటర్‌ని పెట్టుకోలేనివాళ్లు.

ఇదిలా ఉంటే మామూలు మనిషి దగ్గర ఎలా ఉంటదో వినండి. 2024 ఎలక్షన్ టైములో తెనాలి వైపు పెళ్లి పందిరి బాకీ వసూలు చేసుకొని వస్తుంటే ఒక చెక్‌పోస్టు దగ్గర ఆపారు, ఎనభై వేల చిల్లర ఉంది నా దగ్గర. 50 వేలు దాటితే కాగితం చూపించమన్నారు, నా బిల్లుబుక్కు చూపిస్తే నువ్వు రాసుకున్నదేగా అన్నారు, పెళ్లివారికి ఫోన్ కలిపితే తీయట్లేదు, మధ్యాహ్నం నడినెత్తి ఎండలో నిలబెట్టి డబ్బు తీసుకొని రసీదు ఇచ్చి పంపారు. జిల్లాకి ముగ్గురు ఆఫీసర్ల కమిటీ ఒకటి ఉంటుందని, కేసు లేకపోతే పోలింగ్ అయిన వారానికి మించి డబ్బు పెట్టుకోకూడదని రూలు ఉందని నాకు తర్వాత తెలిసింది. డబ్బు తిరిగొచ్చింది, కాదనను, కానీ కూలీలకి ఆ వారం వడ్డీకి తెచ్చి ఇచ్చాను. గుంటూరు యార్డులో మిర్చి అమ్ముకొని వెళ్లే రైతులు, వన్‌టౌన్‌లో బట్టలు కొనుక్కెళ్లే చిన్న వ్యాపారులు, అందరిదీ ఇదే గోల ప్రతి ఎలక్షన్‌కీ. తనిఖీ వద్దనట్లేదు. నా 50 వేలకి పుట్టుపూర్వోత్తరాలు అడిగిన దేశంలోనే 2018 నుంచి 2024 దాకా పార్టీకి చందా ఇవ్వడానికి బ్యాంకులో కొనే కోటి రూపాయల ఎలక్టోరల్ బాండు మీద కొన్నవాడి పేరు ఉండేది కాదు, అది కదా బాధ. సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరి 15న ఆ స్కీముని కొట్టేశాక, బాండ్ల వివరాలివ్వడానికి స్టేట్ బ్యాంకు జూన్ 30 దాకా టైమడిగితే కుదరదని కోర్టు ఒక్కరోజులో లాగాక, అప్పుడు గదా తెలిసింది మన వైసీపీకి 330 కోట్ల పైన, టీడీపీకి 200 కోట్ల పైన, బీఆర్ఎస్‌కి 1,200 కోట్ల పైన, బీజేపీకి 6 వేల కోట్లు వచ్చాయని. కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో ఏడున్నర శాతం దాటి ఇవ్వకూడదనే పాత రూలుని 2017లో ఎత్తేశారు, ఆ ఎత్తేయడం కూడా చెల్లదన్నారు అదే తీర్పులో.

అయితే బాండ్లు పోయినంత మాత్రాన స్టేజీలు చిన్నవైపోలేదు. ఇచ్చే దారి, కంపెనీల చందాలు పోగేసి పార్టీలకి పంచే ట్రస్టుల మీదకి మళ్లింది, ఖర్చుపెట్టే చేతికి మాత్రం అప్పుడూ ఇప్పుడూ సంకెళ్లు లేవు. నన్నడిగితే ముందు పట్టుకోవాల్సింది ఆ చేతినే. బ్రిటన్‌లో 2000 నాటి చట్టంతోనే పార్టీకి కూడా పోటీచేసే సీట్ల లెక్కన ఖర్చు పరిమితి పెట్టారు, పార్లమెంటు ఎన్నికకి ముందు ఏడాది మొత్తం ఆ లెక్కలోకి వస్తది. అక్కడ అంతా సత్యహరిశ్చంద్రులని కాదు. కానీ ఇలాంటి రూలు మన దగ్గర ఉంటే బొప్పూడి, మేదరమెట్ల రెండూ ఏదో ఒక కాగితం మీదకి ఎక్కేవి, లిమిట్ దాటిందా లేదా అని అడగడానికి ఒక అంకె అయినా దొరికేది.

ఓటుకి నోటు తీసుకునేది మనమే కదా, ముందు మనం మారాలి అని వచ్చే వారం ఎవరో ఒకరు మీకు ఉత్తరం రాస్తారు, తెలుసు. అది ఎలాగూ నేరమే, దాన్ని ఎవడూ ఏ రంగు కాగితం మీదా రాయడు, దాని సంగతి పోలీసులు చూడాలి. నేను మాట్లాడేది పట్టపగలు మైకు పెట్టి చట్టబద్ధంగా చేసే ఖర్చు గురించి.

ఇంకో మాట, కట్ చేస్తారేమో, చేసుకోండి. పేపర్లో వార్తలాగా వేయించుకున్న ప్రచారాన్ని కూడా అభ్యర్థి ఖర్చులో కలపాలని రూలు, దానికి జిల్లాలో మీడియా కమిటీ ఉంటది, 2011లో ఉత్తరప్రదేశ్‌లో ఒక మహిళా ఎమ్మెల్యేని పెయిడ్ న్యూస్ లెక్క దాచినందుకు మూడేళ్లు అనర్హురాలిని చేశారు. మా కుర్చీలు లెక్కపెట్టినంత శ్రద్ధగా మీ పేపర్ కాలమ్‌లు లెక్కపెడుతున్నారా అని నా అనుమానం.

చివరికి నేను అడిగేది ఒక్కటే. ఫలితం వచ్చిన 30 రోజుల్లో ప్రతి అభ్యర్థీ జిల్లా ఎన్నికల అధికారికి లెక్క ఇవ్వాలి, ఆ లెక్కని ఒక్క రూపాయి ఫీజు కట్టి ఎవరైనా చూడొచ్చు. పార్టీలు కూడా అసెంబ్లీ అయితే 75 రోజుల్లో, లోక్‌సభ అయితే 90 రోజుల్లో ఎన్నికల సంఘానికి ఇవ్వాలి. ఎన్టీఆర్, గుంటూరు జిల్లాల్లో 2024లో గెలిచినవాళ్ల లెక్కలు, వాళ్ల పార్టీల లెక్కలు పక్కపక్కన పెట్టి మీ జిల్లా ఎడిషన్‌లో రోజుకి ఒక నియోజకవర్గం చొప్పున వేయండి, మీటింగుకి ఎన్ని కుర్చీలు చూపించారో, ఎన్ని టీలు రాశారో దాంతో సహా. విలేఖరిని పంపితే ఆ రూపాయి నేను కడతాను, కుర్చీల అంకె దగ్గరకొచ్చేసరికి కబురు చేస్తే నా పాత బిల్లుబుక్కులు పట్టుకొని వస్తాను.

ఇట్లు,
ఒక టెంట్‌హౌస్ ఓనర్,
సింగ్‌నగర్, విజయవాడ.