చర్లపల్లి స్టేషన్‌లో మా నాన్నకు తోడు నిలిచిన తమ్ముడికి

నాన్నకు ఈరోజు డయాలసిస్ అయిపోయింది. మధ్యలో బీపీ పడిపోయి కాసేపు భయపెట్టాడు గానీ ఇప్పుడు బాగానే ఉన్నాడు, గంజి తాగి పడుకున్నాడు. రాత్రి నుంచి ఫోన్లు చేస్తున్నవాళ్లందరికీ ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక నాకు లేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. నిజానికి రాస్తున్నది ఆ తమ్ముడి కోసం. ఆయన ఇది చూస్తాడో లేదో తెలియదు. చూసినవాళ్లలో ఎవరైనా ఆయనకు చేరవేస్తారేమోనని ఆశ.

మహబూబాబాద్ దగ్గర మా ఊళ్లో మా పెద్ద మేనత్త పోయింది. నాన్నకు ఒక్కగానొక్క అక్క. పదోరోజుకు వెళ్లి తీరాల్సిందే అని నాన్న పట్టుబట్టాడు. వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించుకునే మనిషికి ప్రయాణమంటే ఎంత లెక్క చూసుకోవాలో ఆ ఇళ్లవాళ్లకే తెలుస్తుంది. ఒక డయాలసిస్ అయిన మర్నాడు పొద్దున్నే బయల్దేరి, కార్యం చూసుకుని, సాయంత్రం రైలెక్కి రాత్రికల్లా సికింద్రాబాద్‌లో దిగిపోవాలి. తెల్లారితే మళ్లీ స్లాటు. మామూలుగా అయితే మూడున్నర గంటల ప్రయాణం, కాబట్టి సరిపోతుందనుకున్నాం.

కేసముద్రం దాటాక రైలు ఆగిపోయింది. కదులుతుంది, ఆగుతుంది, మళ్లీ కదులుతుంది. లైన్ పనులు జరుగుతున్నాయని పక్కవాళ్లు చెప్పారు. చీకటి పడింది. నాన్న కాళ్లు ఉబ్బుతున్నాయి, పడుకుంటే ఆయాసం వస్తోందని కూర్చోబెట్టాను. నీళ్లు అడుగుతున్నాడు. అడిగినప్పుడల్లా ఇవ్వలేం, ఒంట్లోకి పోయిన నీరు మళ్లీ మిషన్ తీస్తే తప్ప బయటికి రాదు. గొంతు తడవడానికి బాటిల్ మూతతో కొలిచి పోస్తూ కూర్చున్నాను. భువనగిరి వచ్చేసరికి ఎదురు సీటాయన ఫోన్‌లో చూసి చెప్పాడు, ఈ రైలు ఈరోజు సికింద్రాబాద్ దాకా పోదు, నగరం అంచున ఉన్న చర్లపల్లిలోనే ఆపేస్తారని. మా ఆయన సికింద్రాబాద్‌లో ఎదురుచూస్తున్నాడు. మెసేజ్ అయితే వచ్చిందట. ఊళ్లో టికెట్ తీసిన మా పెదనాన్న కొడుకు ఫోన్‌కి వచ్చింది, అదీ మేం రైలెక్కిన తర్వాత.

చర్లపల్లిలో దిగేసరికి అర్ధరాత్రి దాటింది. స్టేషన్ కొత్తది, బాగుంది. 2025 జనవరి 6న ప్రారంభించారు, 413 కోట్ల దాకా ఖర్చు పెట్టి తొమ్మిది ప్లాట్‌ఫారాలు, లిఫ్టులు, ఎస్కలేటర్లు అన్నీ కట్టారు. కానీ మా బోగీ ఆగిన చోటి నుంచి లిఫ్టు దాకా నాన్న నడవలేడు. వీల్‌చైర్ కావాలంటే ఎవరిని అడగాలో తెలియలేదు. నాన్నను వదిలి వెళ్లి అడిగే ధైర్యం కూడా లేదు. జనం బిలబిలమంటూ వెళ్లిపోతున్నారు. ఆయన్ని ఒక బెంచీ మీద కూర్చోబెట్టి మళ్లీ మూతతో నీళ్లు పోశాను. ఇద్దరు కుర్రాళ్లు మమ్మల్ని చూసి, "పదండి అంకుల్, మేం తీసుకెళ్తాం" అంటూ చెరో చెయ్యీ పట్టుకుని లేపబోయారు. మంచి మనసుతోనే వచ్చారు. నేను వద్దని చెప్పేలోపే వెనక నుంచి ఒక గొంతు గట్టిగా వినిపించింది.

"ఆగుర్రి! గా ఎడమ చెయ్యి పట్టకుర్రి. గా చేతికి ఫిస్టులా ఉంటది."

చూస్తే నారింజ రంగు జాకెట్, భుజాన సంచి, మోకాళ్ల దాకా మట్టి, గ్రీజు. ముప్పై ఏళ్లుంటాయేమో. ట్రాక్‌మన్, అంటే రైలు పట్టాల పని చేసేవాడు. పనిచోట డ్యూటీ దిగి అదే రైల్లో జనరల్ బోగీలో వచ్చాడట. దగ్గరికొచ్చి నా చేతిలో ఉన్న మూత చూపించి, "డయాలసిస్సే గదా అక్కా? మా అమ్మకు గిట్లనే మూతతోనే పోసేటోణ్ని" అన్నాడు. పోసేవాణ్ని అన్నాడు, పోస్తాను అనలేదు. ఆమె గురించి నేనేమీ అడగలేదు.

డయాలసిస్ రోగుల ఇళ్లల్లోవాళ్లకి ఇది అర్థమవుతుంది. ఫిస్టులా అంటే డయాలసిస్ సూదుల కోసం ఆపరేషన్ చేసి చేతిలో రక్తనాళాలు కలిపిన చోటు. అది వేసిన చెయ్యి పట్టుకుని లాగకూడదు, దానిమీద బరువు పడకూడదు, ఆ చేతికి బీపీ చూడకూడదు. ఆ రక్తనాళం పాడైతే మళ్లీ ఆపరేషనే. బంధువుల ఇళ్లల్లో కూడా ఎన్నిసార్లు చెప్పినా మర్చిపోయి పట్టుకుంటారు. అర్ధరాత్రి ఎక్కడివాడో తెలియని మనిషికి చెప్పకుండానే తెలిసింది. సాయంత్రం నుంచి అన్నీ ఒక్కదాన్నే చూసుకుంటున్నాను కదా, ఇంకొకరికి కూడా తెలుసు అనగానే నా కాళ్లలో బలం పోయినట్టయి ఆ బెంచీ మీదే కూలబడ్డాను.

ఆయన పరిగెత్తుకుంటూ వెళ్లి ఎక్కడి నుంచో వీల్‌చైర్ తెచ్చాడు. మెడలో తువ్వాలు తీసి మడత పెట్టి కాళ్లు ఆనించే రేకు మీద వేశాడు, ఉబ్బిన పాదాలకు ఇనుము గుచ్చుకుంటుందని. నాన్న చెప్పు ఊడిపోతుంటే కింద కూర్చుని పట్టీ సర్ది తొడిగాడు. మా నాన్న ఎవరితోనూ చెప్పులు తొడిగించుకునే మనిషి కాదు, నా చేత కూడా. ఆ తమ్ముడు "బాపూ, జర కాలు లేపు" అనగానే మాత్రం నాన్న చిన్నపిల్లాడిలా లేపాడు. నా రెండు సంచులూ తన భుజానికే తగిలించుకుని కుర్చీ తోసుకుంటూ లిఫ్టు దాకా, అక్కడి నుంచి బయటిదాకా వచ్చాడు.

దారిలో నాన్నే ఆయన్ని మాటల్లో పెట్టాడు. పనులెందుకు ఇన్ని రోజులు, రైళ్లెందుకు ఆపుతారు అని. విసుక్కోకుండా చెప్పాడు. కొత్త లైన్ని స్టేషన్ యార్డులో పాత లైన్లకు కలిపేటప్పుడు, రైలును ఒక లైన్ నుంచి ఇంకో లైన్‌కి మళ్లించే పాయింట్లకూ సిగ్నళ్లకూ మధ్య ఉండే లాకింగ్ తాత్కాలికంగా తీసేస్తారట. పేపర్లో నాన్ ఇంటర్‌లాకింగ్ పనులు అని రాసేది దీన్నే. అన్నాళ్లూ పాయింట్లు మనుషులే దగ్గరుండి తిప్పాలి, క్లాంపు బిగించి తాళం వెయ్యాలి, ఒక్కొక్క రైలునీ మెల్లగా జెండా చూపించి దాటించాలి. ఒక్క తప్పు జరిగినా రెండు రైళ్లు ఒకే లైన్ మీదికి వచ్చే ప్రమాదం ఉంది కాబట్టి రైళ్లు తగ్గిస్తారు. ఢిల్లీ నుంచి చెన్నై పోయే రైళ్లు, బొగ్గు గూడ్సులు అన్నీ ఆ కాజీపేట, విజయవాడ లైన్ మీదే కదా. రెండు లైన్లు చాలకే మూడోది వేస్తున్నారు. దాదాపు 220 కిలోమీటర్ల పని, 2012-13లో మంజూరైంది. 2024 సెప్టెంబర్ 1న వానలకు కేసముద్రం, ఇంటికన్నె మధ్య పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది గుర్తుందా, అక్కడా ఈ తమ్ముడు పనిచేశాడట. వానలోనే రాత్రింబవళ్లు పనిచేసి మూడు నాలుగు రోజుల్లో మళ్లీ రైళ్లు నడిపించారు. అప్పుడు ఆ వార్త చదివి నేను పేజీ తిప్పేశాను. ఆ పని చేసిన చేతులు ఇప్పుడు మా నాన్న కుర్చీ తోస్తున్నాయి.

బయటికి వచ్చాక ఆటోలవాళ్లు చందానగర్ అనగానే ఇష్టమొచ్చినంత చెప్పారు. ఈయన కుషాయిగూడలో తనకు తెలిసిన ఆటో అన్నకు ఫోన్ చేసి, ఇంటి దగ్గర నిద్రపోతున్న మనిషిని లేపి పిలిపించాడు. ఆ అన్న వచ్చేదాకా నాన్న పక్కనే నిలబడి ఉన్నాడు. తెల్లారి మళ్లీ డ్యూటీ ఉందన్నాడు, అయినా మమ్మల్ని వదిలి వెళ్లలేదు. నేను ఎన్ని థాంక్స్ చెప్పానో గుర్తులేదు. అప్పుడు తల దించుకుని ఒక మాటన్నాడు.

"మా పనులతోనే గదా అక్కా మీకు గీ తిప్పలు. ఏమనుకోకుర్రి."

నేను ఏడ్చేశాను. ఆటో స్టాండు దగ్గర, అందరి ముందూ. సాయంత్రం నుంచి పళ్ల బిగువున ఆపుకున్నదంతా ఆ మాటతో బయటికొచ్చేసింది. అన్ని గంటల్లో ఆ రైల్లో ఉన్న వందల మందికి ఎవ్వరూ ఒక్క మాట చెప్పలేదు. ఎందుకు ఆగిందో, ఎప్పుడు కదులుతుందో, ఎక్కడ దించేస్తారో ఏదీ చెప్పలేదు. ఆ నిర్ణయాలు తీసుకునేవాళ్లెవరూ మాకు కనబడలేదు. ఎండలో పట్టాలు మోసి, రాత్రి నిద్ర మానుకుని, అందరికంటే తక్కువగా మాట చెల్లే చోట ఉన్న మనిషి వచ్చి మాకు క్షమాపణ చెప్పాడు. తమ్ముడూ, మా ఇబ్బందికి కారణం నువ్వు కాదు. నీ పని కూడా కాదు. ఆ మాట అప్పుడు నా నోట్లోంచి రాలేదు, అందుకే ఇక్కడ చెప్తున్నాను.

పనులు ఆపమని నేను అనడం లేదు. మూడో లైన్ రావాల్సిందే, స్టేషన్లు బాగుపడాల్సిందే. సికింద్రాబాద్ స్టేషన్‌కు 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన చేశారు, 700 కోట్ల రూపాయలకు పైగా పని, రైళ్లను చర్లపల్లికీ ఇతర స్టేషన్లకూ మార్చక తప్పదు. అదంతా అర్థమవుతుంది. కానీ రైలు ఎక్కడ ఆగుతుందో లోపల కూర్చున్నవాళ్లకు చెప్పడానికి ఏం కష్టం? టికెట్ ఒకరు తీస్తారు, ప్రయాణం ఇంకొకరు చేస్తారు. మన ఇళ్లల్లో పెద్దవాళ్లంతా అలాగే ప్రయాణిస్తారు. మెసేజ్ పంపేశాం, మా బాధ్యత అయిపోయింది అంటే ఎలా? రైలును వేరే స్టేషన్‌లో ఆపుతున్నామని ముందే తెలిసినప్పుడు, అర్ధరాత్రి దిగేవాళ్ల కోసం పాత స్టేషన్ దాకా ఒక బస్సు పెట్టలేరా? ఆ టైములో ఎంఎంటీఎస్ లోకల్ రైళ్లు ఉండవు. ముసలివాళ్లు, పసిపిల్లల తల్లులు, రోగులు వస్తారని, పెద్దాసుపత్రులన్నీ ఉన్న నగరానికి రైలు వస్తోందని తెలియదా? ప్లాట్‌ఫారం మీద ఒక మనిషిని, ఒక వీల్‌చైర్‌తో నిలబెడితే చాలు. రాస్తుంటే మళ్లీ కోపం వస్తోంది, ఇక్కడితో ఆపుతాను.

ఆటో అన్న గురించి చెప్పాలి. నిద్రలోంచి లేచి వచ్చి కూడా మామూలు రేటే తీసుకున్నాడు. గుంతలొచ్చిన ప్రతిచోటా స్లో చేశాడు. హబ్సిగూడ దాటుతుండగా ఆయన ఫోన్ మోగింది. ఆ తమ్ముడే. "బాపుకు ఆయాసమెట్లున్నది" అని అడగడానికి చేశాడట. మా ఆయన తార్నాక దగ్గర బండి మీద కలిసి ఇంటిదాకా ఆటో వెనకే వచ్చాడు. అత్తయ్య పిల్లల్ని చూసుకుంది, వేడినీళ్లు పెట్టి మెలకువగా కూర్చుంది. వాళ్లకు వేరే చెప్పేదేముంది.

తమ్ముడి పేరు అడిగాను. "పేరెందుకక్కా, బాపును మంచిగ చూసుకో" అన్నాడు. ఆటో అన్న దగ్గర నంబరు ఉంది గానీ, ఆయన్ని అడక్కుండా ఇవ్వనన్నాడు, అది సరైనదే. ఘట్‌కేసర్, మౌలాలి వైపు ట్రాక్ మీద పనిచేసేవాళ్లెవరైనా ఇది చదివితే మీ గ్యాంగ్‌లో అడగండి. చర్లపల్లిలో పెద్దాయన్ని వీల్‌చైర్‌లో తోసింది ఎవరని. పొద్దున డయాలసిస్ టైముకే మొదలైందని, నీరు మూడున్నర కిలోలు తీశారని, ఆయాసం తగ్గిందని చెప్పండి. తువ్వాలు నాన్న కాళ్ల కిందే ఉండిపోయి మాతో వచ్చేసింది. ఉతికి మడత పెట్టాను. ఎక్కడికి తెమ్మంటే అక్కడికి తెచ్చిస్తాను. నాన్న తనే వస్తానంటున్నాడు.

అయ్యో, రైల్లో వాళ్లను మర్చిపోయాను. కింది బెర్తు ఖాళీ చేసి ఇచ్చిన కాలేజీ అమ్మాయిలు, వరంగల్‌లో దిగేటప్పుడు తమ దిండు కూడా నాన్నకు వదిలేసి వెళ్లారు. చర్లపల్లి సంగతి చెప్పిన ఎదురు సీటాయన, తర్వాత మా ఆయనకు ఆయన ఫోన్ నుంచే కాల్ కలిపాడు, నా ఫోన్ చార్జింగ్ అయిపోయింది కాబట్టి. చెయ్యి పట్టబోయిన ఆ ఇద్దరు కుర్రాళ్లు కూడా, కోప్పడ్డారనుకోకుండా లిఫ్టు తలుపు పట్టుకుని నిలబడ్డారు. మీకు కూడా చాలా థాంక్స్ బాబూ.

డయాలసిస్ సెంటర్‌లో టెక్నీషియన్ అమ్మాయికి కూడా. రాత్రి ఒంటిగంటకు మెసేజ్ పెడితే లేచి చూసి, "కంగారు పడకండి మేడమ్, కాస్త లేటైనా బెడ్ ఉంచుతాను" అని జవాబిచ్చింది. పక్క బెడ్ ఆంటీ తన స్లాటు మార్చుకోవడానికి కూడా ఒప్పుకున్నారట, ఆ అవసరం రాలేదు. ఇంకా కింది పోర్షన్ వాళ్లు, గేటు తాళం తీసి నాన్న కోసం మెట్ల దగ్గర కుర్చీ వేసి పెట్టారు. ఎవరినైనా వదిలేసి ఉంటే ఏమనుకోకండి, గుర్తొచ్చినప్పుడు కింద రాస్తాను.