వృద్ధాశ్రమాల్లో ఆయాలు నిలిచేలా చూడాలి

సంపాదకుడికి,

వృద్ధాశ్రమంలో తనిఖీ అంటే మంచాలు, మరుగుదొడ్లు, వంటగది, మందుల రిజిస్టరు చూసి సంతకం పెట్టడంగానే సాగుతోంది. అవి అక్కర్లేదని అనను. అయితే ఆ మంచం మీది మనిషిని దగ్గరుండి చూసుకునేది ఎవరు, వారు అక్కడ ఎన్నాళ్లుగా పనిచేస్తున్నారు అన్నది కూడా రిజిస్టరుకు ఎక్కాలని నా విన్నపం.

మా మేనత్తది నరసాపురం దగ్గర పల్లె. చిన్ననాటి నుంచీ లేసు అల్లి ఇల్లు నడిపిన మనిషి. పిల్లలు విదేశాల్లో స్థిరపడ్డాక ఆమెను డెల్టాలోనే ఒక ఆశ్రమంలో చేర్పించాం. గుచ్చుకుంటుందని మొదటి రోజే లేసు సూది తీసి దాచారు. భోజనం, మందులు వేళకే అందేవి. అయినా అత్తయ్య సగం అన్నం వదిలేసి, ఉత్త వేళ్లు ఆడిస్తూ కూర్చునేది. కొత్తగా చేరిన ఒక ఆయా అది గమనించి, "ఏం అల్లుతున్నారు మామ్మగారూ, నాకూ నేర్పండి" అని అడిగి, ఆఫీసులో చెప్పి సూదీ దారం ఇప్పించారు. ఆ ఆయా అల్లిక తప్పినప్పుడల్లా అత్తయ్య విసుక్కుంటూ విప్పించి మళ్లీ అల్లించేది. కంచంలో అన్నం మిగలడం మానేసింది. నాలుగో నెలలో, రొయ్యల షెడ్డులో కూలి ఎక్కువని ఆ ఆయా వెళ్లిపోయారు. ఆమెను ఎలా తప్పుపట్టగలం?

భద్రత, నలుగురిలో ఒకరమన్న భావన, గడిచిన జీవితంతో కొనసాగింపు, చేయడానికొక పని, చేశామన్న తృప్తి, తమకూ విలువ ఉందన్న నమ్మకం, ఈ ఆరూ వృద్ధులతోపాటు వారిని చూసుకునే సిబ్బందికీ, బంధువులకూ దక్కాలని బ్రిటన్‌లో నర్సింగ్ ఆచార్యుడు మైక్ నోలన్, ఆయన సహచరులు ప్రతిపాదించారు. మన ఆశ్రమాల్లో ఆయాల సంగతి ఈ లెక్కలోకే రావడం లేదు.

2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలోని 19వ సెక్షన్ జిల్లాకు కనీసం ఒకటి చొప్పున, 150 మంది నిరుపేద వృద్ధులకు సరిపడే ఆశ్రమాల గురించి చెబుతూ, వాటిలో సేవల ప్రమాణాలను నిర్దేశించే అధికారాన్ని రాష్ట్ర ప్రభుత్వానికి ఇచ్చింది. ఒక్కో ఆయాకు వీలైనంతవరకు అదే వృద్ధులను అప్పగించడం, చేరిన రోజే వారి వృత్తి, అలవాట్లు రాసుకోవడం, ఆయాల జీతం చుట్టుపక్కల కూలి కంటే తగ్గకుండా చూడటం ఆ ప్రమాణాల్లో చేరాలి. మూడోదానికి డబ్బు కావాలి. మొదటి రెండింటికీ ఒక నోటుపుస్తకం చాలు.

మా పొరపాటూ ఉంది. చేర్పించిన రోజు ఫారంలో బీపీ, షుగరు అన్నీ నింపాం గానీ అత్తయ్య లేసు అల్లుతుందని రాయలేదు. అందుకు ఆ ఫారంలో గడి కూడా లేదు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
పాలకొల్లు