బీరు సీసాల శుద్ధి విషయంలో ఒక సవరణ

సంపాదకులు గారికి,

నమస్కారం. ఇంట్లోనే బీరు తయారుచేసుకునే అభిరుచి గురించి గత ఆదివారం మీ అనుబంధంలో వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. మాల్టును, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని, ఎంత వేడి నీళ్లలో నానబెట్టాలో, చేదునిచ్చే హాప్స్ పూలు ఏ దశలో వేయాలో, పులియబెట్టే ఈస్టును ఎప్పుడు కలపాలో వ్యాసకర్త ఓపికగా వివరించారు. అయితే సీసాలను సబ్బు నీళ్లతో కడిగి, ఆపైన కుళాయి నీళ్లతో మరోసారి కడిగి నింపుకుంటే చాలునని చివర్లో ఒక్క వాక్యంలో తేల్చేశారు. 22 ఏళ్లు ఒక బీరు కర్మాగారం నాణ్యతా పరీక్షశాలలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న నాకు ఆ వాక్యం చదివాక ఊరుకోబుద్ధి కాలేదు.

కర్ణాటక ఎక్సైజ్ చట్టం, 1965 ప్రకారం లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయకూడదన్న సంగతి వ్యాసంలో ఎక్కడా లేదు, అది ఉండవలసింది. అమెరికాలో 1978లో చేసిన చట్టం వల్ల సొంత వాడకానికి ఇంట్లో బీరు తయారుచేసుకోవడానికి వీలు కలిగింది. అక్కడ చదువుకుని, ఉద్యోగాలు చేసి బెంగళూరుకు తిరిగివచ్చిన మన తెలుగు పిల్లలు కొందరు ఆ అలవాటును కూడా వెంట తెచ్చుకున్నారు. సీసాల శుద్ధి గురించి నేను చెప్పబోయేది ఇంట్లో అల్లం బీరు, కొంబుచా (పులిసిన టీ పానీయం) పులియబెట్టి సీసాల్లో పట్టేవారికీ వర్తిస్తుంది.

మాల్టు రసాన్ని గంటసేపు మరిగించినప్పుడు దానిని పాడుచేయగల క్రిములు చచ్చిపోతాయి. చల్లారిన క్షణం నుంచి దానికి తగిలే ప్రతి గొట్టం, ప్రతి గరిటె, ప్రతి మూత శుద్ధిగా ఉండాలి, ఆ వరుసలో ఆఖరిది సీసా. కర్మాగారంలోనైతే సాధారణంగా నింపి మూత బిగించిన సీసాలను సుమారు 60 డిగ్రీల వేడిలో కొన్ని నిమిషాలు ఉంచి పాశ్చరైజ్ చేస్తారు కాబట్టి సీసాలో ఎక్కడైనా చిన్న లోపం మిగిలినా అక్కడ సర్దుకుంటుంది. ఇంటి బీరుకు ఆ అవకాశం లేదు. సీసాలో నురగకు కావలసిన వాయువు పుట్టాలంటే ఈస్టు బతికి ఉండాలి, దానికి ఆహారంగా లీటరుకు 6 నుంచి 7 గ్రాముల చక్కెర కలపాలి, ఆ తరువాత గట్టిగా మూత బిగించి వారాల తరబడి గది వేడిలో ఉంచాలి. ఈస్టుకు మనం కల్పించిన ఈ సౌకర్యమంతా సీసాలో దాగిన క్రిమికి కూడా అందుతుంది.

బీరు పాడవడానికి కారణం సూక్ష్మజీవులేనని ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ పాశ్చర్ 1876లోనే చాటిచెప్పాడు. 1883లో డెన్మార్కులోని కార్ల్స్‌బర్గ్ బీరు సంస్థ పరీక్షశాలలో ఎమిల్ హాన్సెన్ ఒకే కణం నుంచి స్వచ్ఛమైన ఈస్టును పెంచి చూపాడు. మా పరీక్షశాలలో మేము రోజూ చేసిన పనికి పునాది ఆ ఇద్దరిదే. బీరులో ఆమ్లం, ఆల్కహాలు, హాప్స్ చేదు ఉండడం వల్ల రోగాలు తెచ్చే క్రిములు సాధారణంగా అందులో పెరగలేవు. కానీ లాక్టిక్ ఆమ్లాన్ని పుట్టించే బాక్టీరియాలో కొన్ని హాప్స్‌ను తట్టుకుని బీరును పులుపెక్కిస్తాయి, కొన్ని వెన్న వాసన తెస్తాయి. అడవి ఈస్టు రకాలు కొన్ని వీటికంటే ప్రమాదకరమైనవి. మామూలు బీరు ఈస్టు అరిగించుకోలేక వదిలేసిన డెక్స్‌ట్రిన్‌లనే పిండిపదార్థాలను కూడా అవి తినేసి వాయువును పుట్టిస్తూనే పోతాయి. మూత బిగించిన గాజు సీసాలో ఆ ఒత్తిడి ఎక్కడికి పోతుంది?

మారతహళ్లిలో ఉండే మా తమ్ముడి కొడుకు ఇంట్లో కిందటేడు అది ఎక్కడికి పోయిందో నా కళ్లతో చూశాను. పాత సామాన్ల దుకాణం నుంచి 650 మిల్లీలీటర్ల గోధుమరంగు సీసాలు కొని తెచ్చి, గిన్నెలు తోమే సబ్బుతో కడిగి నింపాడు. మూడో వారంలో ఒక రాత్రి వంటింటి పక్కనున్న వాష్ ఏరియాలో ఒక సీసా పేలింది. గాజు పెంకులు ఎదుటి గోడ దాకా ఎగిరాయి. ఆ సమయంలో అక్కడ ఎవరూ లేకపోవడం మా అదృష్టం. 'సబ్బుతో శుభ్రంగానే కడిగాను కదా పెదనాన్నా, చక్కెర ఎక్కువైందేమో' అన్నాడు. చక్కెర ఎక్కువైనా, పులియడం పూర్తికాకముందే సీసాల్లో పట్టినా పేలుడు జరగవచ్చు, అది నిజమే. కానీ అతను చక్కెరను కాచి మొత్తం బీరులో సమంగా కలిపాకే నింపాడు. తప్పు చక్కెరదైతే సీసాలన్నీ ఒకేలా ఉండాలి. మిగిలినవి జాగ్రత్తగా తెరిచి చూస్తే చాలావాటిలో బీరు బాగానే ఉంది, నాలుగింటిలో మాత్రం నురగ ఎగజిమ్మింది, వాటి రుచి పలచగా, పుల్లగా ఉంది. ఖాళీ చేసి వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే ఆ నాలుగు సీసాల అడుగునా గాజుకు అంటుకుపోయిన పాత మడ్డి పొర కనిపించింది.

కడగడం వేరు, క్రిములను చంపడం వేరు. రెండూ ఈ వరుసలోనే జరగాలి. మడ్డి పొర కింద దాగిన క్రిములను ఎంత మంచి శుద్ధి ద్రావణమైనా చేరలేదు. మడ్డిని వదిలించే సోడియం పర్‌కార్బొనేట్ పొడి కలిపిన వేడినీళ్లలో సీసాలను రాత్రంతా నానబెట్టి, పొడుగాటి బ్రష్షుతో అడుగు దాకా రుద్ది, బాగా కడిగి, ఒక్కొక్కదాన్ని వెలుతురుకు పట్టి చూడాలి. సువాసన సబ్బులు వద్దు, వాటి జిడ్డు మిగిలితే నురగ నిలవదు. మన ఇళ్లలో ఖాళీ బీరు సీసాల్లో కిరోసిన్, ఫినాయిల్, ఒక్కోసారి పురుగుమందు కూడా పోసి ఉంచుతారు. అలాంటి సీసాను ఎన్నిసార్లు కడిగినా పానీయానికి వాడకూడదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఏ చిన్న వాసన వచ్చినా పారేయాలి.

ఇక క్రిములను చంపడానికి ఫాస్ఫారిక్ ఆమ్లంతో చేసిన, కడగనక్కరలేని ద్రావణాలు దొరుకుతాయి. లీటరు నీటికి సుమారు 1.6 మిల్లీలీటర్లు కలిపి, సీసా లోపలంతా తడిసేలా ఒకటి రెండు నిమిషాలు ఉంచి, బోర్లించి కారనిస్తే చాలు. మిగిలిన నురగ హాని చేయదు. అయోడిన్‌తో చేసిన అయోడోఫోర్ ద్రావణమైతే 12.5 పీపీఎం (పది లక్షల భాగాల్లో 12.5 భాగాలు) గాఢతలో రెండు నిమిషాలు. మూతలకూ, నింపే గొట్టానికీ ఇదే పద్ధతి. వ్యాసంలోని సలహా అన్నిటికంటే ఎక్కువ కీడు చేసేది ఇక్కడే. శుద్ధిచేసిన సీసాను మళ్లీ కుళాయి నీళ్లతో కడిగితే చేసిన పనంతా వృథా అవుతుంది. బెంగళూరు అపార్టుమెంట్లలో కుళాయికి వచ్చేది ఒకనాడు కావేరి నీరు, మరొకనాడు ట్యాంకరు తెచ్చిన బోరు నీరు. రెండూ సంపులో కలిసి, పైన ట్యాంకులో నిలవుండి కిందికి దిగుతాయి. ఆ సంపును చివరిసారి ఎప్పుడు కడిగారో ఎంతమందికి తెలుసు? పైగా బోరు నీటి కఠినత్వం వల్ల ఆమ్ల ద్రావణం తెల్లగా మసకబారి బలం కోల్పోతుంది. ఆర్వో నీళ్లలో కలుపుకుని, పీహెచ్ (ఆమ్లత్వపు కొలత) 3 దాటకుండా చూసుకోవడం మేలు.

బ్లీచు వాడేవారికి ఒక హెచ్చరిక. బ్లీచును వెనిగర్‌తో గానీ, బాత్‌రూమ్ కడిగే యాసిడ్‌తో గానీ ఎన్నడూ కలపవద్దు. వెలువడే క్లోరిన్ వాయువు ప్రాణాంతకం. సువాసన కలిపిన బ్లీచు అసలు వాడకూడదు. మామూలు బ్లీచు లీటరు నీటికి 4 మిల్లీలీటర్లు కలిపి 20 నిమిషాలు ఉంచి, కాచి చల్లార్చిన నీళ్లతో బాగా కడగాలి, లేదంటే బీరుకు ఆసుపత్రి వాసన పడుతుంది. రసాయనాలు ఇష్టంలేనివారు పెద్ద గిన్నెలో గోరువెచ్చని నీళ్లలో సీసాలను మునిగేలా పెట్టి, మెల్లగా మరిగించి, పది నిమిషాలు ఉంచి, అందులోనే చల్లారనివ్వవచ్చు. సుమారు 900 మీటర్ల ఎత్తున్న మన ఊళ్లో నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి గానీ ఈ పనికి ఆ వేడి సరిపోతుంది.

మా గుంటూరు జిల్లాలో ఆవకాయ పెట్టేముందు మా అమ్మమ్మ జాడీని కడిగి, ఎండలో ఆరబెట్టి, పొడిగుడ్డతో తుడిచేదాకా ఎవరినీ దాని దగ్గరికి రానిచ్చేది కాదు. ఉప్పు, నూనె, కారం కాపలా ఉన్న ఊరగాయకే ఆమె అంత జాగ్రత్తపడేది. 5 శాతం ఆల్కహాలు, కాస్త హాప్స్ చేదు మాత్రమే కాపలా ఉన్న బీరుకు ఇంకెంత జాగ్రత్త కావాలో పాఠకులు ఆలోచించాలి.

దయచేసి వచ్చే ఆదివారం అనుబంధంలోనే ఈ సవరణను ప్రచురించండి. ఈలోగా ఆ వ్యాసం చదివి సబ్బు నీళ్లతో కడిగిన సీసాల్లో ఇప్పటికే బీరు పట్టినవారు వాటిని పిల్లలకు అందని చోట మూతున్న గట్టి పెట్టెలో పెట్టాలి. ఆ తరువాత కళ్లద్దాలు పెట్టుకుని, చేతులకు మందపాటి గుడ్డ చుట్టుకుని, ఒక్కొక్కటిగా ఫ్రిజ్‌లోకి మార్చి, పూర్తిగా చల్లబడ్డాకే మూత తీయాలి.

ఇట్లు,
భవదీయుడు,
ఒక విశ్రాంత నాణ్యతా పరీక్షకుడు,
మల్లేశ్వరం, బెంగళూరు